సగమా, మూడోవంతా

సగం అనేశాడు. అడిగిన మరుక్షణం, గుక్క తిప్పుకోకుండా, నీళ్ల సీసా మూత బిగిస్తూ బిగిస్తూనే సగం అనేశాడు భీమేశ్వరరావు. ఆ తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. స్కూలు ఇనపగేటు కిర్రుమంటూ మూసుకుంది, చౌకీదారు లోపలి నుంచి గొలుసు చుట్టి తాళం వేశాడు, దీపు తెల్ల చున్నీ వరండా మలుపు తిరిగి కనబడకుండా పోయింది. ఇప్పుడు గేటుకివతల వేపచెట్టు కింద హిందీ పేపరు పరుచుకుని కూర్చుంటే లోపల ఏదో తొలిచేస్తోంది. సగమేనా? ఎందుకు కాదు, సగమే. త్రిభుజం లేదూ, దీర్ఘచతురస్రంలో సరిగ్గా సగం, ఆ మూల నుంచి ఈ మూలకి గీత గీసి చూపిస్తే చంటిపిల్లైనా ఒప్పుకుంటుంది. మరి అడుగున చదరం పెట్టి, నాలుగు పక్కల నుంచీ పైకి ఒకే మొనకి లాక్కెళ్లిన పిరమిడ్ మాత్రం, అది పట్టే పెట్టెలో సగం కాక ఇంకెంతవుతుంది? సగమే. అయితే దీపు మూడోవంతు అన్న మాట ఎందుకెత్తినట్టు? ఊరికే ఎత్తుతుందా? ఎక్కడో చదివే ఉంటుంది. చదివిందాన్ని చదివినట్టు వదిలెయ్యకుండా గేటు దగ్గర తండ్రినడిగింది, అదీ ఖర్మ. జనం తోసుకుంటున్నారు, హాల్ టికెట్ చేత్తో పట్టుకుని లోపలికి అడుగు వెయ్యబోతూ గిరుక్కున వెనక్కి తిరిగింది. "నాన్నా, పిరమిడ్ కా వాల్యూమ్ హాఫ్ హోతా హై యా వన్‌థర్డ్? అచానక్ కన్‌ఫ్యూజ్ అవుతున్నా." "సగం. త్రిభుజం సగం కాదూ, ఇదీ అంతే." "పక్కా?" "పక్కా తల్లీ, వెళ్లు." అంతే. పోయింది. ఆ పక్కా అన్నదొకటి, అదెందుకనాలి అసలు? సగం అన్నాక నోరు మూసుకుని ఉంటే పిల్ల లోపల తన తిప్పలు తను పడేది కదా.

లేచి నిలబడ్డాడు. కూర్చుంటే కాళ్లు లాగుతున్నాయి, నిలబడితే ఎండ. జూన్ నెల ఢిల్లీ ఎండంటే మామూలుదా, లూ గాలి మొహానికి కొడుతుంటే పొయ్యి మూత తీసి ఎవరో దగ్గరగా పట్టినట్టుంది. చెట్టు కింద తల్లిదండ్రులంతా గొడుగులూ, ఫ్లాస్కులూ, గ్లూకోజ్ పాకెట్లూ పెట్టుకుని తీర్థానికొచ్చినట్టు కూర్చున్నారు. ఒక పంజాబీ ఆవిడ కళ్లు మూసుకుని జపం చేసుకుంటోంది. అందరి పిల్లలకీ లోపల ఒకటే పరీక్ష, ఆర్కిటెక్చర్ కాలేజీలో సీటు కోసం. లెక్కలు కొంత, బొమ్మలు కొంత, ఆకారాల ఊహ కొంత. ఆకారాలంటే పిరమిడ్ రాకుండా ఉంటుందా? తప్పకుండా వస్తుంది. వచ్చే ఉంటుంది. ఈపాటికి దీపు ఆ ప్రశ్న దగ్గరే పెన్సిల్ కొరుకుతూ ఉంటుంది, నాన్న పక్కా అన్నాడు కదా అని సగం దగ్గర చుక్క పెట్టేసి ముందుకు పోయి ఉంటుంది. ఒక్క మార్కు. ఒక్క మార్కే కదా అనుకోవడానికి లేదు, ఈ పరీక్షలో ఒక్క మార్కు దగ్గర ఎంతమంది పిల్లలు కిక్కిరిసి నిలబడతారో సెక్షన్ ఆఫీసరైన తనకి తెలియదా, ఇరవై ఏళ్లుగా మంత్రిత్వశాఖలో నియామకాల కాగితాలు చూస్తున్నవాడికి!

పైగా ఒప్పందం ఒకటి ఉంది. ఆ ఒప్పందం పెట్టింది కూడా తనే. దీపుకి చిన్నప్పటి నుంచీ కట్టడాల పిచ్చి. సెలవురోజున లోధీ తోటకి తీసుకెళ్తే మిగతా పిల్లలు ఉడతల వెంట పడేవాళ్లు, ఇది మాత్రం పాత సమాధుల ముందు గడ్డిలో బోర్లా పడుకుని గుమ్మటం చదరం మీద ఎలా నిలబడిందో గీసుకునేది. ముద్దుగానే ఉండేది. పన్నెండో తరగతి అయ్యాక, ఇదే చదువుతానన్నప్పుడు మాత్రం ముద్దనిపించలేదు. ఆడపిల్ల ఇటుకలూ సిమెంటూ మేస్త్రీలూ అంటూ తిరుగుతుందా? హాయిగా బీకాం చేసి, ముఖర్జీ నగర్లో కోచింగు తీసుకుని, సివిల్స్ రాసి, తను ఏ గది బయట ఫైలు పట్టుకుని నిలబడతాడో ఆ గది లోపల కుర్చీలో కూర్చోవద్దూ? నెలరోజులు ఇంట్లో మాటల్లేవు. చివరికి భార్య అరుంధతే మధ్యలో దూరింది, తండ్రీకూతుళ్ల మధ్య ఎప్పుడూ ఆవిడే దూరాలి మరి, కూరలో ఉప్పేసినంత మామూలుగా "ఒక్కసారి రాయనివ్వండి" అంది. సరే ఒక్కసారి. ఒకే ఒక్కసారి. సీటొస్తే సరే, రాకపోతే బీకాం, మళ్లీ జన్మలో గుమ్మటాల మాటెత్తకూడదు అన్నాడు. దీపు అతని మొహంలోకి సూటిగా చూసి "ఠీక్ హై" అంది. ఆ ఠీక్ హై ఇప్పుడు చెవిలో మోగుతోంది. సీటు పోతే? పోయి, రేపు పుస్తకం తీసి చూసుకుని, మూడోవంతే రైటని తెలిస్తే? నాన్న తప్పు చెప్పాడనుకుంటే పరవాలేదు. కావాలనే తప్పు చెప్పాడనుకుంటే?

ఛ, అదేం ఆలోచన! అలా అనుకోదు. ఎందుకనుకోదు, నెలరోజులు పీటముడి వేసినట్టు బిగుసుకుని కూర్చున్న తండ్రిని, గేటు దగ్గర ఒక్క మాటతో ముంచేసిన తండ్రిని ఏమనుకోవాలి? తను మాత్రం నిజంగా... కావాలని... అబ్బే. నోటి దురద. అంతే. అలవాటు. చిన్నప్పుడు రామచంద్రపురం హైస్కూల్లో లెక్కల మేస్టారు అనంతరామయ్యగారికి తెలియదు అన్న మాట పడేది కాదు. తప్పు చెప్తే చెవి మెలిపెట్టి కూర్చోబెట్టేవారు, తెలియదంటే పీరియడంతా బెంచీ ఎక్కించేవారు. ఆడపిల్లల వరసకి ఎదురుగా, నిక్కరేసుకుని, బెంచీ మీద. రెండు మూడుసార్లు ఎక్కాక పిల్లవాడికి లోకజ్ఞానం వచ్చేసింది. ఏదో ఒకటి చెప్పెయ్యడమే చవక. ఆ జ్ఞానమే సెక్రటేరియట్‌లో అన్నం పెట్టింది. పార్లమెంటు నడుస్తున్న రోజుల్లో పైనుంచి ఫోనొస్తుంది, ఫలానా సంఖ్య ఎంత, ఫలానా రాష్ట్రంలో ఎన్ని, చెప్పు, చెప్పు, చెప్పు. మిగిలిన సెక్షన్లవాళ్లు "చూసి చెప్తాం సర్" అని నసుగుతారు. భీమేశ్వరరావు వెంటనే చెప్పేస్తాడు. ఫోన్ పెట్టాక ఫైలు తీసి చూసుకుంటాడు, తేడా ఉంటే సాయంత్రంలోగా చిన్న సవరణ కాగితం పంపిస్తాడు. ఎవరికీ నొప్పి లేదు. అడిగిన తక్షణం చెప్తాడని వెనకాల తనకి తురంత్ రావు అని పేరుందని తెలుసు, తెలిసి మురిసిపోయేవాడు కూడా. ముందు జవాబు, తర్వాత సవరణ. ఇన్నేళ్లూ బండి అలాగే నడిచింది. కానీ ఈ గేటుకి తాళం పడింది. లోపలికి సవరణ కాగితం ఎవడు పట్టుకెళ్తాడు?

చౌకీదారు దగ్గరికి వెళ్లాడు. "భయ్యా, ఒక్క నిముషం, అమ్మాయికి ఒక్క మాట..." అని తన హిందీలో ఏదో అనబోయేసరికి వాడు తల కూడా ఎత్తకుండా చెయ్యి అడ్డంగా ఊపాడు. పోనీ ఏమని చెప్పిస్తాడు? సగం కాదని చెప్పించాలంటే సగం కాదని తనకి తెలియాలి కదా! అదీ తెలియదు. జియా సరాయ్ ఇక్కడికి ఆటోలో పెద్ద దూరం లేదు, అక్కడ కోచింగు పుస్తకాల కొట్లు వరసగా ఉంటాయి, ఏ పుస్తకం తిరగేసినా దొరుకుతుంది. వెళ్లి చూసి రావచ్చు. చూసొచ్చి ఏం చెయ్యాలి? అదే గేటు, అదే తాళం. అయినా కాళ్లు రోడ్డు దాకా లాక్కెళ్లాయి, ఒక ఆటో ఆగింది కూడా, "కహాఁ?" అన్నాడు వాడు, ఎక్కడికో చెప్పడానికి మొట్టమొదటిసారి భీమేశ్వరరావు నోట మాట రాలేదు. దీపు ముందుగానే బయటికొచ్చేస్తే? తండ్రి కనబడకపోతే? ఆటోవాడు విసుక్కుంటూ వెళ్లిపోయాడు.

తిరిగొచ్చేసరికి అతని పేపరు పక్కన ఇంకో ఆయన తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. కత్తిరించిన మీసం, ఎండకి కాలిన మెడ, చూడగానే మిలట్రీ మనిషని తెలిసిపోతుంది. "తెలుగోళ్లేనా సార్? ఇందాక గేటుకాడ బిడ్డతోని మాట్లాడుతుంటె విన్న" అన్నాడు. పేరు మల్లేశం, సిద్దిపేట దిక్కు, కంటోన్మెంటులో సుబేదారు, వాళ్ల భానుశ్రీ కూడా లోపల రాస్తోందట. "మా బిడ్డ నాతోని తెలుగుల మాట్లాడదు సార్. నేను తెలుగుల అడుగుత, అది హిందీల చెప్తది. ఇద్దరికి సమజైతది, నడుస్తుంది." భీమేశ్వరరావు నవ్వినట్టు పెదాలు కదిపాడు. మనసంతా ఇంకోచోట ఉంది. అడగాలా? అడిగితే ఏమనుకుంటాడు? ఏమీ తెలియనివాడిలా ఉంటుంది. తెలియదు కదా మరి! ఎవరూ వినకుండా ఉన్నారా అని అటూ ఇటూ చూసి, అదేదో ఊసుపోక అన్నట్టు గొంతు పెట్టి, "మల్లేశంగారూ, ఊరికే అడుగుతాను, ఈ పిరమిడ్ ఉంటుంది చూడండి, అదే అడుగూ అదే ఎత్తూ ఉన్న పెట్టె పక్కన పెడితే, పెట్టెలో అదెంత ఉంటుందంటారు? సగమేనంటారా?" అన్నాడు.

"నాకెర్క లేదు సార్" అన్నాడు మల్లేశం.

టీ తాగుతారా అంటే వద్దండి అన్నంత తేలిగ్గా అనేశాడు. మీసం ఒక్క వెంట్రుక కదల్లేదు. ఎవరూ బెంచీ ఎక్కించలేదు. భీమేశ్వరరావుకి ఒక్కసారిగా ఆ మనిషి మీద అసూయ పుట్టింది, తనకెప్పుడూ చేతకాని పని ఎదురుగా ఇంకొకడు చులాగ్గా చేసి చూపించినట్టు. మల్లేశం మాత్రం ఆ మాట పట్టుకుని ఎటో వెళ్లిపోయాడు. "రాజస్థాన్ల ఉన్నప్పుడు గసుంటి టెంట్లల్లనె ఉన్నం సార్ మేము. నడిమిట్ల ఒక్క కట్టె, నాలుగు దిక్కుల గుంజి కడుతరు. చూస్తె పెద్దగనె ఉంటది. అండ్ల ఏముంటది? కట్టెకాడ నిలబడెటోడు ఒక్కడె మనిషి, మిగిలినోళ్లందరు వంగినోళ్లె. ఇంకో తీరు టెంటు మేలు, రెండు దిక్కులనె వాలుగుంటది. ఈ కొసకెళ్లి ఆ కొసదాక నడుము ఎత్తి నడవొచ్చు." అని, పొట్లం కట్టిన చనా జోర్ గరమ్ ఒకటి అతని చేతిలో పెట్టి, రెండోది తను నమలడం మొదలుపెట్టాడు.

పొట్లం. కోసుగా చుట్టిన కాగితం పొట్లం, పైన వెడల్పు, కింద మొన. తిరగేస్తే పిరమిడ్‌కి చుట్టమే! భీమేశ్వరరావు కళ్లు మెరిశాయి. పక్కనున్న తన ఫ్లాస్కు మూత తీశాడు, పొట్లంలో శనగలు అందులో పోసి ఎన్ని పొట్లాలకి నిండుతుందో చూస్తే తేలిపోదూ? పోశాడు. శనగలు అడ్డదిడ్డంగా పడి సగం ఖాళీలే. మూత వెడల్పుకీ పొట్లం మూతికీ పొంతనే లేదు, ఎత్తులు అసలు కలవవు. ఉల్లిపాయ ముక్క ఒకటి మూతకి అంటుకుంది. మల్లేశం వింతగా చూస్తున్నాడు. మూతలోవి గుప్పెట్లోకి వంపుకుని నోట్లో వేసేసుకున్నాడు, సాక్ష్యం కాస్తా కడుపులోకి పోయింది, కారానికి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. నలభై ఎనిమిదేళ్లొచ్చాయి, శనగలు కొలుస్తున్నాడు రోడ్డు మీద కూర్చుని.

రెండు దిక్కులనే వాలుగా ఉండే గుడారం. కారం మింగుతుంటే ఆ మాట మళ్లీ తగిలింది. రెండు వాలుల గుడారాన్ని ముందు నుంచి చూస్తే త్రిభుజం. త్రిభుజం చదరంలో సగం. ఈ చివర నుంచి ఆ చివరదాకా అదే త్రిభుజం, ఎక్కడా తగ్గదు. కాబట్టి అది పెట్టెలో సగం. సరిగ్గా సగం. సంతోషించబోయాడు. అంతలోనే తట్టింది. సగం అయింది ఆ గుడారం! మల్లేశంగారి ఒంటికట్టె గుడారం కాదు! దానికి ఈ రెండు వాలులే కాదు, ముందూ వెనకా కూడా వాలుగా చెక్కేశారు, అందుకే కదా కట్టె దగ్గరవాడు తప్ప మిగిలినవాళ్లంతా వంగి చచ్చేది. సగంలోంచి ఇంకా రెండు ముక్కలు కోసేస్తే సగం ఎలా ఉంటుంది? సగం కన్నా తక్కువే. సగం కాదు. సగం కాదు గాక కాదు. వేపచెట్టు, రోడ్డు, జపం చేసుకుంటున్న ఆవిడ అన్నీ ఒక్కక్షణం పక్కకి ఒరిగినట్టయింది. తప్పు చెప్పాడు. కన్నకూతురికి, ఉన్న ఒక్క అవకాశంలో, తాళం పడేముందు, పక్కాగా తప్పు చెప్పాడు.

మరెంత? ఇటు సగం, అటు సగం, సగంలో సగమైతే పావు కదా? పావా? దీపు మూడోవంతంది, పావనలేదు. ఎంతో తెలిసినా తెలియకపోయినా చేసేదేం లేదని తెలుసు, అయినా మనసు వదలడం లేదు, పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు మళ్లీ మళ్లీ అక్కడికే పోతోంది. లేచి గేటు దాకా నడిచాడు, వెనక్కొచ్చాడు, మళ్లీ వెళ్లాడు. మల్లేశం "కూసోండి సార్, మనం తిరిగితె ఆడ పేపరు అల్కగైతదా" అన్నాడు. నిజమే. కానీ లోపలున్నది ఎవరు? మొన్నమొన్నటిదాకా ఒళ్లో కూర్చున్న పిల్ల. లాజ్‌పత్ నగర్ బర్సాతీలో, మేడ మీద ఒంటిగదిలో పుట్టిన పిల్ల. పుట్టింది ఆసుపత్రిలోనే అనుకో, తెచ్చి పడుకోబెట్టింది అక్కడే. అగ్గిపెట్టెలాంటి గది అని అందరూ అనేవారు కానీ అగ్గిపెట్టె కాదది, పొడవెంతో వెడల్పంతే, ఎత్తూ అంతే, పాచిక లాంటి గది. వెంటిలేటరు లేదు. ఎండాకాలం రాత్రులు తలుపు తీసి డాబా మీద మంచం వేసుకునేవాళ్లు. కరెంటువాడు ఎవడో బద్ధకస్తుడు వైరు కత్తిరించకుండా వదిలేస్తే బల్బు వేలాడి వేలాడి గదికి నట్టనడుమ, నేలకీ కప్పుకీ మధ్య నిలబడేది. పొట్టిది కనక అరుంధతి కాస్త వంగి తప్పించుకునేది, తన నుదుటికి మాత్రం రోజూ కొట్టుకునేది. కొత్తకోడలు కళ్లు పెద్దవి చేసి "ఇదేమిటండీ, ఇంత కిందికుందేం?" అంటే, తనేమన్నాడు? "ఢిల్లీలో ఇంతే. గదంతటికీ వెలుగు సమానంగా పంచడానికి మధ్యలో పెడతారు" అన్నాడు. గుక్క తిప్పుకోకుండా! అరుంధతి నిజమే కాబోలనుకుంది, వాళ్లమ్మకి ఉత్తరంలో కూడా రాసింది. ఆర్నెల్ల తర్వాత కింది వాటా పంజాబీ ఆవిడ అసలు సంగతి చెప్తే నవ్వీ నవ్వీ పొలమారింది.

అదే బల్బు కింద దీపు వెల్లకిలా పడుకుని కాళ్లు ఆడిస్తూ దాన్నే చూసేది. మొదటి పుట్టినరోజుకి అరుంధతి రంగుకాగితాలు కత్తిరించి తోరణాలు చేసింది. మేకులు కొట్టనివ్వనన్నాడు ఇంటాయన. అందుకని నాలుగు తోరణాల కొసలు బల్బు హోల్డరుకి కట్టి, రెండో కొసలు కప్పు నాలుగు మూలలకీ లాగి మైదాజిగురుతో అంటించారు. తను స్టూలెక్కాడు, అరుంధతి కిందనుంచి అందించింది. ఎర్రవీ పచ్చవీ కాగితాలు బల్బు దగ్గర నుంచి పైకి నాలుగువైపులా విచ్చుకుంటే, దీపు ఏడుపాపి నోరు తెరుచుకుని చూసింది. తిరగేసిన గుడారంలా... భీమేశ్వరరావు నడుస్తున్నవాడు నడుస్తున్నట్టే ఆగిపోయాడు. తిరగేసిన గుడారం. అడుగు కప్పు మీద, మొన బల్బు దగ్గర. అది పిరమిడ్! తలమీద పెట్టుకుని ఏడాదిపాటు తిరిగిన పిరమిడ్!

ఆగు. మెల్లగా. కంగారుపడకు. బల్బు నుంచి కప్పు నాలుగు మూలలకీ తోరణాలు కడితే ఒక పిరమిడ్. అలాగే బల్బు నుంచి నేల నాలుగు మూలలకీ కడితే? కింద ఇంకొకటి, అచ్చం అలాంటిదే. మంచం ఉన్న గోడ నాలుగు మూలలకీ కడితే ఒకటి. తలుపున్న గోడకొకటి. అరుంధతి వంటగట్టు ఉన్న గోడకొకటి. కిటికీ గోడకొకటి. నాలుగు గోడలూ, నేలా, కప్పూ, ఆరు. గది పాచికలా ఉంది, బల్బు నట్టనడుమ ఉంది, కనక ఆరూ ఒక్కలాంటివే, ఒకటి ఎక్కువా కాదు ఒకటి తక్కువా కాదు. ఆరూ కలిస్తే గది నిండిపోయింది, మధ్యలో చీమ దూరేంత సందు మిగల్లేదు. అంటే తోరణాల పిరమిడ్ గదిలో ఆరోవంతు. ఒప్పుకున్నావా? ఒప్పుకున్నాను. మరి దాని ఎత్తెంత? బల్బు నుంచి కప్పు దాకా, గదిలో సగం ఎత్తు. అయితే దాన్ని గదంతటితో పోల్చకూడదు, బల్బు దగ్గర అడ్డంగా కోసిన పైసగం గదితో పోల్చాలి. అదే దాని పెట్టె, అదే అడుగు, అదే ఎత్తు. ఆ సగం గదిలో ఆరోవంతులు ఎన్ని? మూడు. తోరణాలది అందులో ఒకటి. మూడింట ఒకటి. మూడోవంతు!

మూడోవంతు. పావు కాదు, సగం కాదు, మూడోవంతు. ఏ పుస్తకమూ చెప్పలేదు, ఏ మేస్టారూ చెవి మెలిపెట్టలేదు, తనకి తనే తేల్చుకున్నాడు. గది ఎత్తు పెంచితే? పెంచు, పెట్టే పెరుగుతుంది, పిరమిడూ పెరుగుతుంది, ఒకేలా పెరుగుతాయి, వంతు మారదు. భీమేశ్వరరావుకి ఒళ్లు ఝల్లుమంది. మల్లేశం రెండు భుజాలూ పట్టుకుని కుదిపేద్దామనిపించింది, అరుంధతికి ఫోను చేసి ఆ బల్బు వెలుగు కోసం కాదే, ఇందుకే అక్కడుందే అని అరుద్దామనిపించింది. ఇన్నేళ్లలో ఒక జవాబు అడగ్గానే ఊడిపడకుండా, ఇటుక మీద ఇటుక పేర్చినట్టు లోపల్నుంచి లేచి నిలబడటం ఇదే మొదలు. దీపు గుమ్మటాల ముందు బోర్లా పడుకుని వెతుక్కున్నది ఇదే కాబోలు. ఇదా నా తల్లికి కావలసింది! ఇంత బావుంటుందా ఇది? దీన్నా తను ఒక్కసారే అని లెక్కగట్టి విదిలించింది? ఆ ఆనందం రెండడుగులైనా సాగలేదు. తను ఇక్కడ మూడోవంతు కనిపెట్టాడు సరే, అక్కడ లోపల పిల్ల సగం రాసింది. ఇక్కడ తేలినకొద్దీ అక్కడ తప్పు పక్కా అయిపోతోంది. తెలియకుండా ఉంటేనే నయమా? ఇందాక కనీసం అనుమానముండేది.

లోపల గంట కొట్టారు. చెట్టు కింద జనమంతా ఒక్కసారిగా లేచి గేటు మీద పడ్డారు. జపం ఆవిడ చెప్పులు వదిలేసి పరిగెత్తింది. చౌకీదారు తాళం తీస్తూ అందర్నీ తిడుతున్నాడు. మొదట మగపిల్లలు అరుచుకుంటూ వచ్చారు, తర్వాత గుంపులు గుంపులుగా ఆడపిల్లలు. మల్లేశం కూతురు నవ్వుతూ వచ్చి తండ్రి చేతిలో సంచి లాక్కుంది. దీపు రాలేదు. దీపు ఏది? అదిగో, వరండా చివర, చున్నీతో మొహం తుడుచుకుంటూ, చెమటో ఏడుపో తెలియకుండా మెల్లగా వస్తోంది. ఇద్దరు ముగ్గుర్ని తోసుకుంటూ వెళ్లాడు. ఎలా రాశావని అడగాలి ముందు, నీళ్లివ్వాలి, అవేమీ చెయ్యలేదు.

"దీపూ, నేను తప్పు చెప్పానమ్మా. సగం కాదు, మూడోవంతు. నువ్వన్నదే రైటు. నాకప్పుడు తెలియదు. తెలియకుండానే చెప్పేశాను" అన్నాడు. తెలియదు అన్న మాట అంటుంటే అందరి ముందూ మళ్లీ బెంచీ ఎక్కి నిలబడ్డట్టయింది.

దీపు సీసా తీసుకుని గటగటా తాగింది. తాగి, మూతి తుడుచుకుని, "ముఝే పతా హై నాన్నా" అంది.

"ఏం తెలుసు? వచ్చిందా ఆ ప్రశ్న?"

"వచ్చింది. పెహలే హాఫ్ పెట్టా. తర్వాత ఎరేజ్ చేసి వన్‌థర్డ్ పెట్టా."

భీమేశ్వరరావు ఆమె చేతిలోంచి సీసా తీసుకున్నాడు. "మరి... నేను పక్కా అన్నాను కదే. ఎందుకు చెరిపావు?"

దీపు జవాబివ్వడానికి మొహమాటపడింది. కిందికి చూస్తూ హాల్ టికెట్ మడతలు పెట్టింది. "నువ్వు చాలా జల్దీ చెప్పావు నాన్నా. నీకు తెలిసిందైతే నువ్వు సోచ్ సోచ్ కే చెప్తావు. తెలియనిదైతేనే ఫటాఫట్ చెప్తావు." హాల్ టికెట్ ఇంకో మడత పెట్టి, "మమ్మీకి కూడా తెలుసు" అంది.

తలకొట్టేసినట్టయింది. ఇరవై ఏళ్లు మంత్రిత్వశాఖని నమ్మించాడు, తన ఇంట్లో రెండు గదుల క్వార్టర్లో ఇద్దరాడవాళ్లు ఎప్పుడో కనిపెట్టేసి, ఒక్కమాట కూడా అనకుండా ఊరుకున్నారన్నమాట! నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెంటికీ మధ్య ఎక్కడో గుండెల మీంచి బండ దిగిపోయింది. పిల్ల సీటు పిల్ల చేతిలోనే ఉంది, తన నోట్లో లేదు. వస్తుందో రాదో, వస్తే వస్తుంది, రాకపోతే వచ్చే ఏడు మళ్లీ రాస్తుంది. రెండో మాట మనసులో అనుకున్నాడే కానీ ఆ అనుకున్నందుకే తను ఉలిక్కిపడ్డాడు. మళ్లీ రాస్తుందా? రాస్తుంది. ఎవడాపుతాడు?

మల్లేశం దూరం నుంచి చెయ్యి ఊపాడు. ఇద్దరూ బస్‌స్టాపు దాకా నడిచి రేకుల నీడలో సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. బల్ల పెనంలా కాలుతోంది. దీపు బూట్ల కాలితో రాయిని అటూ ఇటూ తోస్తూ ఉన్నట్టుండి అడిగింది.

"లేకిన్ నాన్నా, వన్‌థర్డ్ ఎందుకు? హాఫ్ క్యోఁ నహీఁ? స్కూల్లో సార్ ఫార్ములా రాయించేశారు, అంతే. ఎందుకో చెప్పలేదు."

భీమేశ్వరరావు నోరు తెరిచాడు. మళ్లీ మూసేశాడు. ఎక్కడ మొదలుపెట్టాలి? గది దగ్గరా? బల్బు దగ్గరా? అరుంధతి మైదాజిగురు ఉడికించిన గిన్నె దగ్గరా? నువ్వు వెల్లకిలా పడుకుని చూస్తుండేదానివే, అక్కడ మొదలుపెడితేనో. చేత్తో గాల్లో ఒక మూల చూపించబోయి ఆగాడు. వాళ్ల బస్సే వచ్చింది, కండక్టరు తలుపు మీద బాదుతూ స్టాపుల పేర్లన్నీ అరిచాడు, జనం ఎక్కారు, దిగారు, బస్సు వెళ్లిపోయింది. భీమేశ్వరరావు ఇంకా ఏమీ చెప్పలేదు. దీపు వెళ్లిపోయిన బస్సు వంక చూడలేదు. తండ్రి మొహంలోకే చూస్తూ, బ్యాగు ఒళ్లోకి లాక్కుని, కుదురుగా సర్దుకుని కూర్చుంది. ఇంతసేపు ఆలోచిస్తున్నాడంటే ఈసారి నాన్నకి తెలుసు.